వక్కపొడి డబ్బాలో తెల్ల బిళ్లలు

నేను ఒక ఇత్తడి వక్కపొడి డబ్బాని. ఆ సోమవారం ఆసుపత్రిలో కౌన్సెలర్ ఎస్తేరు మేడం నా మూత తీసి కిటికీ వెలుగులో బోర్లించేసరికి, ఎనిమిది నెలల గర్భిణిని కాపాడుతున్నాయని అందరూ నమ్మిన నా కడుపులోని మాత్రల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా మందు కాదని తేలింది.

అడుగున మిగిలిన నాలుగైదు తెల్ల బిళ్లలు బల్ల మీద దొర్లాయి. ఎస్తేరు మేడం ఒకటి తీసి గోటితో గీకింది. సుద్దలాంటి పొడి రాలింది.

"సత్యా, ఇవెక్కడివే?"

"మీరిచ్చినవే మేడం."

"నేనిచ్చినవి కావమ్మా. ఇవి ఒట్టి కాల్షియం బిళ్లలు. బజార్లో దొరికేవి."

సత్యవేణి రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. పక్కన నిలబడ్డ ఆమె భర్త గోవిందు బిళ్లల వైపూ భార్య వైపూ మార్చి మార్చి చూశాడు. బల్ల మీద ఇంకో కాగితం ఉంది. ఏళ్ల తరబడి 'వైరస్ కనపడలేదు' అని వచ్చిన రక్త పరీక్ష, ఈసారి వేలల్లో వచ్చింది. పుట్టబోయే బిడ్డకి ఆ వేలల్లో ఒక్కటి తగిలినా చాలు.

నా మాత్రలు ఎవరు మార్చారు? ఆ గదిలో ముగ్గురికీ తెలియదు. నాకు తెలుసు. ఇత్తడి డబ్బాకి నోరుంటుంది గానీ మాట ఉండదు. అందుకని మీతో చెబుతున్నాను. మొదటినుంచీ చెబితే గానీ దొంగ ఎవరో చెప్పినా మీరు నమ్మరు.

నేను అజ్జరంలో పుట్టాను. ఆ ఊళ్లో పొద్దున్న లేస్తే సుత్తి చప్పుడే. నన్ను కొట్టినవాడు మంచి పనివాడే గానీ, మూత బిగించే వేళకి ఎవరో అప్పులవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ కంగారులో మూత అంచు ఒక వెంట్రుకవాసి వంకరపోయింది. అప్పటినుంచీ నన్ను మూయాలంటే ముందు కొంచెం ఎడమకి తిప్పి, ఆ తర్వాత నొక్కాలి. తెలియనివాళ్లు ఎంత నొక్కినా నేను మూసుకోను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నన్ను కొన్నది కోనసీమ వైపు ఒక ఊరి రైతు, గవర్రాజు గారు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని నా నిండా లవంగాలు దంచి కలిపిన వక్కపొడి పోసి అందరికీ అందించేవాడు. నేను చేతులు మారుతూ అరుగు ఈ చివరనుంచి ఆ చివరికి వెళ్లి తిరిగొచ్చేదాన్ని. కూలి చేసేవాళ్లకి మాత్రం నన్ను ఇచ్చేవాడు కాదు. మూతలో పోసి, పైనుంచి వాళ్ల దోసిట్లోకి వంచేవాడు. మంచివాడే. మంచివాళ్లకి కూడా ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో ఎవరూ నేర్పకుండానే తెలుస్తుందని నేను మొదట చూసింది ఆయన దగ్గరే.

ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు త్రిమూర్తులు పొలం చూసుకునేవాడు, గుడి కమిటీలో పెద్ద. చిన్నవాడు అబ్బులు లారీ తోలేవాడు. అబ్బులు ఒకసారి జ్వరంతో వచ్చి మంచం ఎక్కాడు, మళ్లీ దిగలేదు. ఊళ్లో ఎవరూ ఆ జబ్బు పేరు పలకలేదు. 'అదే' అనేవారు. అబ్బులికి అదే, వాడి పెళ్లానికీ అదే, కూతురికీ అదే. అప్పటికి మందు లేక కాదు. కొనేవాళ్లకి ఉంది. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టేసరికి అబ్బులు బూడిదైపోయాడు. అతని భార్య వెళ్లింది గానీ ఆలస్యంగా వెళ్లింది. పోతూ పోతూ కూతుర్ని మాత్రం ఆ మందు వరుసలో నిలబెట్టి పోయింది.

ఆ కూతురే సత్యవేణి.

పిల్లని పెదనాన్న త్రిమూర్తులు ఇంట్లో పెట్టుకున్నాడు. ఊరంతా మెచ్చుకుంది. ఆయన పెట్టిన షరతులు ఊరికి తెలియవు. పిల్ల కంచం పెరట్లో మేకుకి వేలాడేది, గ్లాసు గూట్లో విడిగా ఉండేది. మందు సీసా మాత్రం ఆయన కంట పడకూడదు.

"ఆ సీసా మీద ఏం రాసుందో చదవడం వచ్చినోళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు నాన్నా. నాకు పెళ్లి కావాల్సిన కూతురుంది. పిల్ల మందేసుకుంటే వేసుకోనీ. నలుగురి కళ్లా పడకూడదు, అంతే."

గవర్రాజు గారు కొడుకుతో వాదించలేదు. నన్ను తీసుకెళ్లి నూతి దగ్గర బోర్లించి, వక్కపొడి దులిపి, ఎండలో ఆరబెట్టాడు. సీసా మీద కాగితం నానబెట్టి ఊడదీసి పొయ్యిలో పడేశాడు. మాత్రలు నాలో పోసి మనవరాలి చేతికిచ్చాడు.

"వక్కపొడి డబ్బాని ఎవరూ అనుమానించరమ్మా," అన్నాడు.

ఆ తర్వాత నన్ను అరుగు మీద ఎవరూ అడగలేదు. పిల్ల ముట్టుకున్న డబ్బా కదా.

సత్యవేణి నన్ను వాడే పద్ధతి చిత్రంగా ఉండేది. గోడ వైపు తిరిగేది. పమిట వయసు రాకముందు గౌను కింద, తర్వాత ఓణీ కింద, ఆ తర్వాత చీర కొంగు కింద నన్ను తెరిచేది. చూడకుండా, వేళ్లతో తడిమి ఒక మాత్ర తీసి, నీళ్లు లేకుండా మింగేసేది. ఆ పిల్ల ఇరవై ఏళ్లు మందు వేసుకుంది గానీ ఆ మాత్రలు ఎలా ఉంటాయని అడిగితే చెప్పలేదు.

నా కడుపు చరిత్ర చెబితే ఆ జబ్బు వైద్యం చరిత్ర చెప్పినట్టే. మొదట్లో పెద్దవాళ్ల బిళ్లలు విరిచి ముక్కలు పోసేవారు. పొద్దున్నా సాయంత్రమూ మింగాలి. వాటితో వాంతులు, రక్తం తగ్గిపోవడం. తర్వాత వచ్చినవాటితో పీడకలలు. ఆఖరికి రోజుకి ఒకే ఒక్క బిళ్ల వచ్చింది. దానితో సత్యవేణి బుగ్గలు నిండాయి. రక్తంలో వైరస్ ఎంత వెతికినా కనపడనంత అణిగిపోయింది. ఎక్కడో దేశాల్లో ఎందరో బుర్రలు బద్దలు కొట్టుకుని, మూడు మందుల్ని ఒక బిళ్లలో ఇమిడ్చారు. ఆ బిళ్ల కోనసీమలో ఒక ఇంటికొచ్చి కొంగు కింద దాక్కోవాల్సొచ్చింది. బిళ్ల పని బిళ్ల చేసింది. మనుషుల పని అలాగే ఉండిపోయింది.

గోవిందు కాకినాడలో లిఫ్టు మెకానిక్. పెళ్లికి ముందే ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి సత్యవేణి అంతా చెప్పేసింది. అతను లేచి తిన్నగా ఎస్తేరు మేడం దగ్గరికి వెళ్లాడు.

"నాకంటుతాదా అండీ?"

"మాత్ర మానకుండా వేసుకుని, పరీక్షలో కనపడకుండా ఉంటే కాపురం వల్ల అంటదు నాయనా. పిల్లలు కూడా ఆరోగ్యంగా పుడతారు."

"అయితే మాత్ర మర్చిపోకుండా చూసే డ్యూటీ నాది," అన్నాడు. అంతే, పెళ్లి. అతనికి ఇప్పటికీ జబ్బు లేదు. నన్ను చూసి మాత్రం విసుక్కునేవాడు. "మనింట్లో మనకి దొంగతనమేంటే? సీసాలోనే ఉంచు," అనేవాడు. ఆమె నవ్వేది. గోడ వైపే తిరిగేది.

ఆమెకి ఏడో నెల వచ్చింది. ఒక ఉదయం కాకినాడ ఇంటి ముందు కారు ఆగింది. త్రిమూర్తులూ ఆయన భార్య మంగతాయారూ దిగారు. చేతుల్లో చీర, గాజులు, మినపసున్నుండల డబ్బా.

"తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. తండ్రి లేకపోతే నేను లేనా?" అన్నాడు త్రిమూర్తులు. సత్యవేణి తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఆమె తల మీద పడటం నేను చూడటం అదే మొదటిసారి.

"పెద్దాయన మారేడయ్యా," అంది సత్యవేణి మొగుడితో లోపలికొచ్చి. కళ్లు తుడుచుకుంటోంది.

"మారితే మంచిదే. వెళ్లు. నేను ప్రతి ఆదివారం వస్తాను. మందు మర్చిపోకు."

ఆ ఇంట్లో ఈసారి ఆమెకి అందరి కంచాల పక్కనే కంచం వేశారు. మొదటి పూట ఆ పిల్ల అన్నం తినలేకపోయింది. పెదనాన్న రోజూ పాలు తెప్పించాడు. ఎముకలు గట్టిపడాలని తనే బజారుకెళ్లి కాల్షియం బిళ్లలు తెచ్చాడు. ఊరు మళ్లీ మెచ్చుకుంది.

వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం సత్యవేణి పెరట్లో తల ఆరబెట్టుకుంటుంటే, ఎవరో నన్ను దిండు కిందనుంచి లాగారు. నా కడుపు ఖాళీ చేశారు. మళ్లీ నింపారు. కొత్త బిళ్లలు అంతే పొడుగు, అంతే తెలుపు, మీద చెక్కిన అక్షరాలు మాత్రం లేవు. తర్వాత నన్ను మూశారు. ముందు ఎడమకి తిప్పి, ఆ తర్వాత నొక్కారు.

నేను గజగజలాడాను. డబ్బా వణికితే బిళ్లల చప్పుడే కదా అని మీరనుకోవచ్చు. ఆ వేళ్లు అది కూడా వినిపించకుండా నన్ను దిండు కిందకి తోసేశాయి.

ఆ సాయంత్రం సత్యవేణి గోడ వైపు తిరిగి, కొంగు కింద నన్ను తెరిచి, చూడకుండా ఒకటి మింగింది. మర్నాడూ అంతే. మరుసటి నెల కొత్త సీసా నాలో పోసుకున్నాకా ఆ వేళ్లు మళ్లీ వచ్చి మార్చేశాయి. ఎదురుగా పెట్టుకుని ఒక్కసారి చూసి ఉంటే దొరికిపోయేది. చూడకపోవడం నేర్పిన ఇల్లే అది.

మళ్లీ ఆసుపత్రికి వద్దాం. డాక్టరు గారు ముందు ఆమెనే అనుమానించారు. మానేశావా అన్నారు. ఖాళీ కడుపున కాల్షియంతో కలిపి వేసుకుంటున్నావా, అలా వేసుకుంటే మందు ఒంటికి పట్టదు అన్నారు. ఆమె ఏడుస్తూ ఎస్తేరు మేడం గదికొచ్చి నన్ను బల్ల మీద పెట్టింది. అప్పుడే ఎస్తేరు మేడం నన్ను బోర్లించింది.

"ఇంకా టైముంది సత్యా. మందు ఇవాళే మొదలుపెడదాం. ఈ మందు తొందరగా పనిచేస్తుంది. కాన్పుకి ముందు మళ్లీ పరీక్ష చేస్తాం. బిడ్డ పుట్టగానే సిరప్ పోస్తాం. భయపడకు, కానీ ఒక్క పూట కూడా తప్పకూడదు."

గోవిందు ఊరుకోలేకపోయాడు. "ఆర్నెల్లకో సూది వచ్చిందని ఫోన్లో చూశానండి. అది పొడిచేస్తే ఈ డబ్బాలూ దొంగలూ ఉండవు కదండీ?"

"అది జబ్బు లేనివాళ్లకి రాకుండా వేసే సూది నాయనా. అదైనా మన వరుస దాకా ఎప్పుడొస్తుందో. ఉన్న జబ్బుని వేళ్లతో సహా పెరికేసే మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు. అణగదొక్కగలం, అంతే. మందు ఆగిందా, ఒంట్లో ఎక్కడో నక్కి ఉన్నది మళ్లీ లేస్తుంది. ఇదిగో, లేచింది." ఆవిడ కాగితం మీద వేలు పెట్టింది. "నాకు ఇరవై ఏళ్ల సర్వీసు. అప్పట్లో మందు లేక పోయారు. ఇప్పుడు మందు పెట్టుకుని, వరుసలో నిలబడలేక పోతున్నారు."

ఆ సాయంత్రం అరుగు మీద అందరూ ఉండగా సత్యవేణి ఒకే ఒక్క మాట చెప్పింది.

"పెదనాన్నా, నా మాత్రలు ఎవరో మార్చేశారు."

త్రిమూర్తులు కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇంకెవరే? నీ మొగుడే! ఆదివారం ఆదివారం వచ్చి నీ గదిలో దూరేది వాడే కదా. కడుపుతో ఉన్న పిల్లకి సున్నం బిళ్లలు పెట్టి, నిన్ను వదిలించుకుని రెండో పెళ్లి చేసుకుందామని!"

"మావయ్య గారూ, మాట మర్యాదగా రానీండి," అన్నాడు గోవిందు పళ్లు బిగించి.

"మర్యాదేంటిరా నీకు? నా గుమ్మం దిగు ముందు!"

"అల్లుణ్ణి పట్టుకుని అవేం మాటలండీ?" అని మంగతాయారు అడ్డం వచ్చింది. "పిల్ల గుండె బెదురుతుంది. మీకు బీపీ, అరవకండి."

సత్యవేణి చేతి సంచి అందుకుంది. గోవిందుని వీధి చివర బస్సు దాకా సాగనంపడానికి వెళ్లింది. నేను ఆమె చేతి సంచిలో ఉన్నాను.

"మార్చేశారన్నాను గానీ, ఏం పెట్టారో నేను చెప్పానా?" అంది.

గోవిందు ఆగిపోయాడు. ఆమె ముఖంలోకి చూశాడు. "పద, ఇప్పుడే గొంతు పట్టుకుంటా."

"వద్దు. నేను పొరపాటు పడ్డానేమో. పొరపాటేనని తేలితే బాగుండు. నా కళ్లతో చూడాలి. బుధవారం పొద్దున్నే వచ్చి నన్ను తీసుకుపో."

"మందు?"

ఆమె సంచిలోంచి కొత్త సీసా తీసింది. కాగితం ఊడదీయలేదు. అతని ఎదురుగా, వీధిలో, సీసా మూత తీసి, మాత్ర అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇలా ఉంటాయా ఇవి!" అంది. నీళ్లు తాగి మింగింది. ఎదురుగా సైకిల్ మీద ఎవరో పోతున్నారు. ఆమె గోడ కోసం వెతకలేదు.

దోవలో కిరాణా కొట్లో వక్కపొడి పొట్లం కొంది. నాలో పోసింది. ఎన్ని ఏళ్లయిందో ఆ లవంగం వాసన తగిలి! ఒక్క క్షణం గవర్రాజు గారి అరుగు మీద ఉన్నాననుకున్నాను.

ఇంటికెళ్లి మంగతాయారుతో గట్టిగానే చెప్పింది. "కొత్త మాత్రలిచ్చారు పెద్దమ్మా. ఎప్పట్లాగే డబ్బాలో పోసుకున్నాను."

ఇక్కడ ఒక కబురు ముందే చెప్పేస్తాను. ఇప్పుడు నేను ఎస్తేరు మేడం బల్ల మీద ఉన్నాను. పిన్నీసులు వేసుకుంటోంది నాలో. పాప కాకినాడలో పుట్టింది. మొదటి పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. ఆఖరి పరీక్షకి ఇంకా చాలా నెలలున్నాయి. అప్పటిదాకా ఆ తల్లికి కంటి మీద కునుకుండదు. మందు అందనివి రెండు నెలలు, దాని భయం మాత్రం ఏడాదిన్నర. మీరు బిడ్డ కోసం ఊపిరి బిగబట్టక్కర్లేదు. మీరు వినాల్సింది ఇంకొకటి ఉంది.

మంగళవారం మధ్యాహ్నం. మంగతాయారు పక్కింట్లో వడియాలు పెట్టించడానికి వెళ్లింది. సత్యవేణి స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలేసి, తలుపు బయటనుంచి చేరవేసి, చప్పుడు చేయకుండా వచ్చి బీరువా పక్కన నిలబడింది. కొంతసేపటికి గది తలుపు తెరుచుకుంది. దిండు లేచింది. ఆ వేళ్లు నన్ను పట్టుకున్నాయి. మూత తీశాయి. లోపల వెతికాయి.

వక్కపొడి మంచమంతా ఒలికింది.

"ఏం పెదనాన్నా, వక్కపొడి కావాలా?"

త్రిమూర్తులు వెనక్కి తిరిగాడు. రెండో గుప్పెట విడింది. తెల్లటి కాల్షియం బిళ్లలు నేల మీద టపటపా పడ్డాయి. పెద్ద మనిషి మంచం కోడు పట్టుకుని మెల్లగా కిందకి జారి కూర్చున్నాడు. సత్యవేణి చేతిలో సీసా ఉంది. దాని మీద కాగితం ఉంది, కాగితం మీద అక్షరాలున్నాయి. ఆయన వాటిని చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

"అరవకే తల్లీ. పక్కింట్లో మీ పెద్దమ్మ ఉంది. ఆయ్, నేనే. రెండుసార్లూ నేనే తీశాను. పోయినేడు చిన్న ఆపరేషనుకని రాజమండ్రి వెళ్తే ముందు రక్తం తీశారు. డాక్టరు నన్ను లోపలికి పిలిచి తలుపేసి నాకూ అదేనని చెప్పేడు. ఎక్కడ తగిలిందో అడక్కు. ఆపరేషనొద్దని పారిపోయొచ్చేశాను. ఎవడో పసరు మందిస్తే తాగేను, ఒళ్లు గుల్లయిపోయింది గానీ తగ్గలేదు. ఆసుపత్రికీ వెళ్లేనే, గేటు దాకా వెళ్లేను. ఆ వరుసలో మనూరోళ్లు ఇద్దరున్నారు. గుడి భోజనాల్లో వాళ్లని పంక్తిలోంచి లేపింది నేనే. వాళ్ల వెనకాల ఏ ముఖంతో నిలబడను? అప్పుడు నువ్వు గుర్తొచ్చేవు. ఇయ్యాలో రేపో పోద్దనుకున్న పిల్లవి, నిక్షేపంలా ఉన్నావు. కడుపు పండింది. ఆ బిళ్లలే కదా అనుకున్నాను. పురిటికని తెచ్చింది అందుకే. తల మీద చెయ్యేసిందీ అందుకే. నీ బిడ్డ సంగతి తోచలేదా అంటావు. తోచింది. మింగినప్పుడల్లా తోచింది. తోచినా మింగేను. పెరట్లో నీ కంచం తగిలించిన మేకు ఇంకా అక్కడే ఉందే. పొద్దున్న లేస్తే నాకదే కనపడతాది. దానికి నా కంచం తగిలిస్తారు, తగిలించేది మీ పెద్దమ్మే. ఆవిడకి తెలీదు. ఆవిడ రక్తం ఎవరూ చూళ్లేదు. నువ్వు చెప్పకు. నేను చెప్తాను, తర్వాత చెప్తాను. నా దగ్గరవి నిన్నటితో అయిపోయాయే. ఆ సీసాలోంచి ఒక్కటి ఇవ్వు. ఇయ్యాల్టికి ఒక్కటి. ముందు ఆ తలుపు వెయ్యి, ఎవరైనా చూస్తారు."